ఫీజు బాకీ ఉందని టీసీ ఆపితే ఏం చేయాలి?

జూన్ వచ్చిందంటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలా ఇళ్లలో ఒకటే టెన్షన్. ప్రైవేటు బడి ఫీజు భరించలేక పిల్లల్ని ఊరి సర్కారు బడిలో వేద్దామనుకుంటారు. పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమంలో ఇంటికొచ్చిన సార్లకు సరేనని చెప్తారు కూడా. తీరా టీసీ (బదిలీ సర్టిఫికెట్) కోసం పాత బడికి వెళ్తే "బాకీ క్లియర్ చేసి తీసుకుపోండి" అంటారు. పత్తి అమ్మిన పైసలు చేతికొచ్చేది చలికాలంలో, టీసీ కావాల్సింది ఇప్పుడు. అప్పో సప్పో చేసి కట్టేవాళ్లు కొందరైతే, ఇంకో ఏడాది అక్కడే ఉంచి బాకీ పెంచుకునేవాళ్లు ఇంకొందరు. కొన్ని ఇళ్లలో పిల్లల చదువే ఆగిపోతుంది. ఇది మాత్రం అస్సలు జరగకూడదు.

ఫీజు బాకీ వేరు, టీసీ వేరు. బాకీ ఉంటే వసూలు చేసుకోవడానికి యాజమాన్యానికి సివిల్ కోర్టు ఉంది. టీసీని తాకట్టు వస్తువులా పెట్టుకునే హక్కు దానికి లేదు. 2024లో మద్రాసు హైకోర్టు కూడా టీసీ ఫీజు వసూలుకు వాడుకునే సాధనం కాదని చెప్పింది. అది తమిళనాడు కేసు, కానీ మన దగ్గర వాదించేటప్పుడు ఉదాహరణగా చూపించుకోవచ్చు.

ముందు సర్కారు బడిలో చేర్పించండి

చాలామంది టీసీ చేతికొచ్చాకే కొత్త బడికి వెళ్లాలనుకుంటారు. ఆ అవసరం లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టంలో సెక్షన్ 5 ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు ప్రభుత్వ బడికో, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడికో మారుతుంటే పాత బడి హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదు, వాయిదా వేయకూడదు. వయసు రుజువు కాగితం లేదని కూడా అడ్మిషన్ కాదనకూడదని సెక్షన్ 14 చెబుతుంది.

కాబట్టి ఊరి బడి హెడ్మాస్టర్ దగ్గరికి పిల్లతో సహా వెళ్లండి. "సార్, టీసీ అడిగాం, ఇస్తలేరు, మీరు పాపను చేర్చుకోండి" అని దరఖాస్తు రాసివ్వండి. పాత బడి ప్రోగ్రెస్ కార్డు, ఆధార్, ఏ కాగితముంటే అది జతచేయండి. పిల్ల తరగతిలో కూర్చోవడం మొదలుపెడితే మీ మీద సగం ఒత్తిడి తగ్గుతుంది. పాత బడివాళ్ల బేరం బలం కూడా తగ్గుతుంది.

మక్తల్, నారాయణపేట, కోస్గి వైపు నుంచి ముంబై, పుణెలకు వలస వెళ్లి తిరిగొచ్చే కుటుంబాలకు ఈ సెక్షన్ ఇంకా ముఖ్యం. వేరే రాష్ట్రంలో చదివి వచ్చినా ఇదే హక్కు వర్తిస్తుంది. మధ్యలో ఒకట్రెండేళ్లు బడి మానేసిన పిల్లల్ని కూడా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇది సెక్షన్ 4. పదకొండేళ్ల పిల్లాణ్ని రెండో తరగతిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి.

టీసీని కాగితం మీద అడగండి

నోటిమాటగా ఎన్నిసార్లు తిరిగినా సాక్ష్యం మిగలదు. గుమాస్తా రేపు రమ్మంటాడు, కరస్పాండెంట్ ఊళ్లో లేడంటారు. అందుకని తెల్లకాగితం మీద ఇంత రాస్తే చాలు:

"హెడ్మాస్టర్ గారికి, మా అమ్మాయి (పేరు) మీ బడిలో ఆరో తరగతి పూర్తి చేసింది. అడ్మిషన్ నంబరు (ఇంత). ఇకపై మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివిస్తున్నాం. విద్యా హక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ, స్టడీ సర్టిఫికెట్ వెంటనే ఇప్పించగలరు. యూడైస్‌లో పాప పేరును మీ బడి నుంచి విడుదల చేయగలరు. బాకీ ఉందంటున్న మొత్తానికి పద్దుల వారీగా లెక్క రాసివ్వగలరు."

తేదీ వేసి సంతకం చేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదానిమీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే గొడవ పడొద్దు. అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

యూడైస్ మాట ఎందుకంటే, ఇప్పుడు ప్రతి విద్యార్థి వివరాలూ యూడైస్ అనే బడుల ఆన్‌లైన్ రికార్డులో ఉంటున్నాయి. పాత బడివాళ్లు అందులో పిల్ల పేరును తమ జాబితా నుంచి తీసి డ్రాప్ బాక్సులో వేస్తేనే కొత్త బడి తనవైపు లాక్కోగలదు. టీసీ ఇచ్చి పేరు విడుదల చేయకపోయినా తర్వాత ఇబ్బందే.

బాకీ లెక్క అడిగితే చాలాచోట్ల అసలు సంగతి బయటపడుతుంది. ట్యూషన్ ఫీజులో బస్సు, పుస్తకాలు, ఎప్పటిదో పాత బాకీ కలిపేసి ఒకే అంకె చెబుతుంటారు. మీ దగ్గరున్న రసీదులు, ఫోన్‌పే చెల్లింపులు ఎదురుగా పెట్టుకుని సరిచూడండి. నిజంగా బాకీ ఉంటే కాదనకండి. అది కట్టాల్సిన సొమ్మే, పంట చేతికొచ్చాక ఏ నెలలో ఎంత కడతారో రాసివ్వండి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం పెట్టొద్దు.

ఇవ్వకపోతే పైకి వెళ్లండి

వారం చూసి కదలిక లేకపోతే మండల విద్యాధికారికి ఫిర్యాదు రాయండి, మీ దరఖాస్తు కాపీ జతచేయండి. ఫలితం లేకపోతే జిల్లా విద్యాధికారికి. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు. అక్కడిచ్చే రసీదు జాగ్రత్త చేసుకుంటే తర్వాత అర్జీ ఎంతవరకు వచ్చిందో అడగడం తేలిక. చట్టం కింద ఇచ్చే ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలని సెక్షన్ 32 అంటోంది. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మూడు నెలలంటే ఎక్కువే, అందుకే అడ్మిషన్ ముందు చూసుకోమన్నది.

ఇంకా పాత బడిలోనే చదువుతున్న పిల్లల్ని బాకీ పేరుతో వరండాలో నిలబెట్టడం, అందరి ముందూ పేరు చదివి తలదించుకునేలా చేయడం వేరే తప్పు. పిల్లలపై శారీరక శిక్షను, మానసిక వేధింపును సెక్షన్ 17 నిషేధించింది. ఇలాంటిది జరిగితే ఒక్కరోజు కూడా ఆగొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఫీజు సంగతి పెద్దవాళ్ల మధ్యది, పసిపిల్లకు ఆ అవమానం ఎందుకు?

తొమ్మిది, పది చదివేవాళ్లకు

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. సెక్షన్ 5 ఎనిమిదో తరగతి వరకే. ఒక ప్రైవేటు బడి నుంచి ఇంకో ప్రైవేటు బడికి మారేవాళ్లకు కూడా అది ఇంత సూటిగా పనికిరాదు. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. బడికి గుర్తింపు ఇచ్చేది విద్యాశాఖే కాబట్టి జిల్లా విద్యాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. దాంతోపాటు నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అర్జీ తల్లి పేరు మీద పెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఎస్సీ, ఎస్టీలకు కూడా అంతే. ఫోన్‌లో అడగాలంటే 15100. కోర్టుకు పోకుండానే రెండు పక్షాల్ని పిలిచి మాట్లాడే వీలు అక్కడ ఉంటుంది.

టీసీ చేతికొచ్చాక

ఆఫీసు గడప దాటకముందే చదవండి. ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, పూర్తి చేసిన తరగతి ఒక్కొక్కటీ చూడండి. పుట్టిన తేదీ తప్పు పడితే అదే తప్పు పదో తరగతి మెమో దాకా వెళ్తుంది, తర్వాత దిద్దించుకోవడం పెద్ద పని. స్టడీ సర్టిఫికెట్ కూడా అదే రోజు అడిగి తీసుకోండి. ఉద్యోగాల్లో స్థానికత తేల్చేటప్పుడు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఆ బడి తర్వాత మూతపడితే ఆ కాగితం కోసం మండల ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.