ముఖాముఖి కెరీర్ కోచింగ్ – మూడో పాఠం: కోచ్‌తో గడిపే గంటకి ఏం పట్టుకెళ్లాలి?

మొదటి పాఠంలో మీరు ఇప్పటిదాకా చేసిన పనులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశారు. కాలేజీ ప్రాజెక్టు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, వేసవి సెలవుల్లో మామయ్య కొట్టులో కూర్చుని చూసిన లెక్కలు, ఏదీ వదలొద్దన్నాను. రెండో పాఠంలో మీకు నచ్చిన పది ఉద్యోగ ప్రకటనలు తీసుకుని, వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే మాటల కింద గీతలు గీశారు. ఆ రెండూ చెయ్యనివాళ్లు ముందు అవి పూర్తిచేసి రండి. ఇవాళ్టి పాఠం వాటి మీదే నడుస్తుంది.

కోచింగ్ అనగానే మనకి అమీర్‌పేట గుర్తొస్తుంది. మైత్రీవనం చుట్టూ ఫ్లెక్సీలు, హాలు నిండా కుర్చీలు, మైకులో సార్ గొంతు. జావా నేర్చుకోవడానికి ఆ పద్ధతి చాలు. లూప్ ఎలా రాయాలన్నది అందరికీ ఒకటే కాబట్టి వందమందికి ఒకేసారి చెప్పినా నష్టం లేదు. కానీ ఎన్నిచోట్ల అప్లై చేసినా ఒక్క కాల్ కూడా ఎందుకు రావట్లేదంటే, ఆ వందమందికీ వంద కారణాలు. ఒకరి రెజ్యూమె బాగాలేదు. ఇంకొకరి రెజ్యూమె బానే ఉంది గానీ తనకు సరిపడని పోస్టులకి పంపుతున్నారు. మరొకరు రాత పరీక్ష దాటి, టెక్నికల్ రౌండ్ దాటి, హెచ్‌ఆర్ ముందు నోరు పెగలక ఆగిపోతున్నారు. ఈ ముగ్గురినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ‘కాన్ఫిడెన్స్‌గా ఉండండి’ అంటే ఎవరికీ ఏమీ ఒరగదు. ఎదురుగా ఒక్కరే కూర్చుంటే మాత్రం ఎక్కడ తేడా కొడుతోందో పట్టుకోవచ్చు. ముఖాముఖి కోచింగ్‌తో వచ్చే పెద్ద లాభం ఇదే.

ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన వొకేషన్ బ్యూరో పేరుతో ఒక కేంద్రం తెరిచి, పని వెతుక్కునే యువకులతో విడివిడిగా మాట్లాడేవాడు. నీ సంగతి నువ్వు తెలుసుకో, పనుల సంగతి తెలుసుకో, రెండింటికీ లంకె వేసి ఆలోచించు, అని ఆయన చెప్పేవాడు. వందకు పైగా ప్రశ్నలిచ్చి జవాబులు రాసుకురమ్మనేవాడు. ఆయన పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఆ రాసుకురమ్మనడమే.

2000లో స్టీవెన్ బ్రౌన్, నాన్సీ ర్యాన్ క్రేన్ అనే పరిశోధకులు కెరీర్ గైడెన్స్ మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. మంచి ఫలితంతో ముడిపడ్డవి ఐదని తేల్చారు: రాతపని, మనిషిని బట్టి విడిగా చెప్పే అభిప్రాయం, ఉద్యోగాల గురించిన సమాచారం, ఆ దారిలో ముందు వెళ్లినవాళ్లను చూసి నేర్చుకోవడం, చుట్టూ అండగా ఉండే మనుషుల్ని కూడగట్టుకోవడం. వీటిలో రాతపని మీరే చేసుకోగలరు. సమాచారం ఫోన్లో దొరుకుతుంది. సీనియర్లు వాట్సాప్ గ్రూపులోనే ఉన్నారు. ఇంట్లో ఒక్కరే కూర్చుంటే ఎంతకీ దొరకనిది ఆ రెండోది, మిమ్మల్ని బట్టి విడిగా చెప్పే అభిప్రాయం. కాబట్టి కోచ్ దగ్గర గడిపే గంట దానికే ఖర్చవ్వాలి. ‘డేటా సైన్స్‌కి స్కోప్ ఉందా సార్?’ అని అడిగి ఇరవై నిమిషాలు పోగొట్టుకోవడం, నన్నడిగితే, డబ్బు దండగ. అలా కాకుండా మూడు కాగితాలు సిద్ధం చేసుకుని వెళ్లండి.

మొదటి కాగితం: ఎక్కడ ఆగుతోంది?

ఒక పేజీ మీద ఐదు గడులు గీయండి. తేదీ, కంపెనీ, పోస్టు, ఎలా పంపారు, ఎంతవరకు వచ్చింది. నాలుగో గడిలో నౌకరీలోనా, కంపెనీ వెబ్‌సైట్‌లోనా, తెలిసినవాళ్ల రెఫరల్‌తోనా అన్నది స్పష్టంగా రాయండి. గత మూడు నెలలవి గుర్తున్నంతవరకు నింపండి. మెయిల్ తిరగేస్తే సగం అక్కడే దొరుకుతాయి.

ఇప్పుడు ఐదో గడి మీంచి కిందికి చూడండి. ఎక్కడా ఉలుకూ పలుకూ లేకపోతే తేడా రెజ్యూమెలో అయినా ఉండాలి, మీరు ఎంచుకుంటున్న పోస్టుల్లో అయినా ఉండాలి. రెఫరల్‌తో పంపినవాటికి మాత్రమే కాల్స్ వస్తున్నాయంటే, పక్కన ఎవరూ లేకుండా మీ రెజ్యూమె మీ గురించి చెప్పలేకపోతోందన్నమాట. ఆప్టిట్యూడ్ దగ్గరే పోతుంటే దానికి కోచ్ అక్కర్లేదు, టైమ్ పెట్టుకుని పాత పేపర్లు చెయ్యడమే. టెక్నికల్ రౌండ్‌లో పోతుంటే రెండు రకాలు: సబ్జెక్టు రాకపోవడం, వచ్చింది చెప్పలేకపోవడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, తలొంచుకుని కూర్చోవడమే. ఏది ఏదో ఎదురుగా కూర్చున్న మనిషి పది నిమిషాల్లో తేల్చగలడు, మీరు నెల రోజులు ఆలోచించినా తేల్చుకోలేరు.

రెండో కాగితం: రెజ్యూమెలో ఒక్క లైను

మొత్తం రెజ్యూమె చూపించి ‘ఎలా ఉంది సార్?’ అని అడగకండి. ‘బానే ఉంది’ అనే జవాబు వస్తుంది. ఒక్క లైను ఎంచుకోండి. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. బీటెక్ ఈసీఈ చివరి ఏడాది అమ్మాయి. రెజ్యూమెలో ‘ఐఓటీ బేస్డ్ స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్, టీమ్ ప్రాజెక్ట్’ అని ఉంది. కోచ్ అడగడం మొదలుపెడతాడు.

“ఇందులో నువ్వు చేసిందేంటమ్మా?”

“టీమ్‌గా చేశాం సార్, నలుగురం.”

“సరే, నీ చేత్తో చేసిందేంటి?”

“సెన్సార్ కోడ్ నేను చూసుకున్నాను సార్.”

“చూసుకోవడమంటే?”

“మట్టిలో తడి ఎంతుందో ఆర్డుయినో బోర్డుకి ఒక నంబర్ వస్తుంది సార్. దాన్ని బట్టి మోటార్ ఆన్ అవ్వాలి. ల్యాబ్‌లో ఎర్రమట్టితో బాగా పనిచేసింది. మా ఊరి నల్లరేగడి తెచ్చి పెడితే మొక్క వాడిపోతున్నా మోటార్ ఆన్ అయ్యేది కాదు.”

“అప్పుడేం చేశావ్?”

“రెండు మట్టులకీ విడివిడిగా ఎండబెట్టి ఒకసారి, నీళ్లు పోసి ఒకసారి రీడింగులు తీసుకుని, మోటార్ ఆన్ అవ్వాల్సిన కటాఫ్ నంబర్‌ని మట్టిని బట్టి మార్చాను సార్.”

“మరి ఈ ముక్క రెజ్యూమెలో ఏదమ్మా?”

“అది చిన్న విషయం కదా సార్...”

కోచ్ తన దగ్గర్నుంచి ఒక్క మాట కూడా కలపలేదు చూడండి. ఉన్నదాన్ని బయటికి లాగాడు, అంతే. సొంతంగా చేసిన పని మనకి చిన్నదిగా కనిపిస్తుంది, ఎందుకంటే అది చేసేటప్పుడు పడ్డ తంటాలన్నీ మనకి మామూలైపోయాయి. ఫ్రెండ్‌ని అడిగితే ‘సూపర్ ఉందే’ అని వదిలేస్తుంది. ఇప్పుడు ఆ లైను ఇలా మారుతుంది: ఎర్రమట్టి, నల్లరేగడి రీడింగుల్లో తేడా గుర్తించి, మట్టిని బట్టి కటాఫ్ మారేలా సెన్సార్ కోడ్ రాశాను. ఇంగ్లిష్‌లో ఇది ఒకటిన్నర లైను. ఇంటర్వ్యూలో దీని మీద ప్రశ్న వస్తే ఆ అమ్మాయి ఐదు నిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలదు, ఎందుకంటే అది నిజంగా జరిగింది.

ప్రాజెక్టు బయట కొనుక్కున్నవాళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. మన దగ్గర అదేమీ రహస్యం కాదు. పై సంభాషణలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. కంపెనీవాళ్ల ముందు దొరికేకంటే కోచ్ ముందు దొరకడం నయం. ఆ ప్రాజెక్టులోంచి ఒక చిన్న భాగం తీసుకుని సొంతంగా మళ్లీ చెయ్యండి, లేదా ఆ లైను తీసేసి మొదటి పాఠం నోట్‌బుక్‌లోంచి మీరు నిజంగా చేసిందొకటి పెట్టండి.

కోచ్ దొరకనివాళ్లు ఇదే పనిని ఇంకొకరితో చేయించుకోవచ్చు. ఒక్కటే నియమం: అవతలివాళ్లు ప్రశ్నలే వెయ్యాలి, మెచ్చుకోకూడదు, సలహా ఇవ్వకూడదు. మీ సబ్జెక్టు తెలియని అక్కో బాబాయో అయితే ఇంకా మంచిది. అర్థం కాకపోతే ‘అంటే?’ అని అడుగుతారు.

మూడో కాగితం: హాల్లో చెప్పలేనివి

బ్యాక్‌లాగులు, డిగ్రీ తర్వాత రెండేళ్ల గ్యాప్, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ, బెంగళూరు పంపడానికి ఇంట్లో ఒప్పుకోకపోవడం. వీటిలో మీకున్నవి ఈ కాగితం మీద రాసుకోండి. ఇవి యాభైమంది మధ్య ఎవరూ చెప్పరు. ఇవి తెలియకుండా ఇచ్చే సలహా మీకు పనికిరాదు. ఈఎంఐ నెత్తిమీదున్న మనిషికి ‘ఏడాది ఆగి ఎంటెక్ చెయ్యి’ అని చెప్పి లాభమేంటి? కాబట్టి మొదటి సిట్టింగ్‌లోనే, రాసుకున్నది చూసి అయినా సరే, చెప్పెయ్యండి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఒక మాట. ఇంగ్లిష్ టెన్షన్‌తో గంటంతా ‘యెస్ సార్’ దగ్గరే ఆగిపోకండి. మొదటి సగం తెలుగులో మాట్లాడదామని మీరే అడగండి. విషయం తెలుగులో శుభ్రంగా బయటికొస్తే, దాన్ని ఇంగ్లిష్‌లోకి తేవడం తర్వాతి పని.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ముందు మీ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని అరగంట అడిగి చూడండి. గుంపుగా వెళితే దొరకని టైమ్ ఒక్కరే వెళితే దొరకొచ్చు. కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు, కెరీర్ కౌన్సెలింగ్ కూడా అందులో భాగమే. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఉపాధి సమాచార, మార్గదర్శక కేంద్రాలున్నాయి. డబ్బు తీసుకునే కోచ్ అయితే ఎన్ని సిట్టింగులు, ఎంత రుసుము, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు అన్నవి ముందే రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగం గ్యారంటీ అన్నా, బ్యాక్‌డోర్ అన్నా, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడదామన్నా లేచి వచ్చెయ్యండి. రెజ్యూమె మొత్తం తానే రాసిస్తానన్న కోచ్ కూడా నాకు నచ్చడు. ఆ రాసింది ఇంటర్వ్యూలో ఆయన వచ్చి చెప్పడుగా.

సిట్టింగ్ అయిన రోజు రాత్రే, మర్చిపోకముందే, మార్చాల్సినవి మూడింటికి మించకుండా రాసుకోండి. రెండోసారి వెళ్లేటప్పుడు పాత లైను, కొత్త లైను పక్కపక్కన పెట్టి చూపించండి.

వచ్చే పాఠం మాక్ ఇంటర్వ్యూ. ఈలోపు మూడు కాగితాలూ పూర్తి చెయ్యండి. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కి మీ జవాబు ఫోన్లో రికార్డు చేసి ఉంచండి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో, ఒక్కోటి రెండు నిమిషాలు దాటకుండా. బాగా రాలేదని డిలీట్ చెయ్యొద్దు, వచ్చే పాఠంలో దాంతోనే మొదలుపెడతాం.