లైవ్‌లో ఫీచర్ ఫ్లాగ్ తిప్పే ముందు చూస్కోవాల్సినవి

ఫీచర్ ఫ్లాగ్ అంటే యాప్‌లో ఒక ఫీచర్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్ లాంటి సెట్టింగ్. సర్వర్ రీస్టార్ట్ లేకుండా అలా చేస్కునే సెటప్ ఉంటే హాయే, కానీ ఆ స్విచ్ మీద చెయ్యేసే ముందు ఇవి ఒకసారి చూడండి.

- పాత ఫ్లాగ్‌ని కొత్త పనికి వాడొద్దు, అస్సలు వాడొద్దు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీకి జరిగింది ఇదే, ఎప్పుడో మూలన పడేసిన ఫ్లాగ్‌ని కొత్త ఫీచర్‌కి పెట్టారు, 8 సర్వర్లలో ఒకదాంట్లో కొత్త కోడ్ ఎక్కలేదు, అక్కడ పాత కోడ్ లేచి కూర్చుని ఆర్డర్లు కొడుతూనే పోయింది, 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకి పైగా హుష్‌కాకి.
- అందుకే అన్ని సర్వర్లలో ఒకే వెర్షన్ ఉందా చూడండి. "ఉండే ఉంటుందిలే" అంటే కుదరదు.
- కాన్ఫిగ్ సర్వర్ (ఈ సెట్టింగులు ఇచ్చే సర్వర్) పలక్కపోతే యాప్ ఏం చేస్తది? సేఫ్‌గా ఉండే డిఫాల్ట్ కోడ్‌లోనే పెట్టండి.
- సెట్టింగ్‌కి వచ్చిన కొత్త వాల్యూని చెక్ చేశాకే తీస్కోవాలి, తేడాగా ఉంటే పాతదే నడవాలి. మా దగ్గర ఒకసారి టైమౌట్ (జవాబు కోసం ఆగే టైం) 30 అని పెట్టారు, పెట్టినాయన లెక్క సెకన్లు, కోడ్ లెక్క మిల్లీసెకన్లు, ఇంకేముంది ప్రతి పేమెంటూ ఫెయిలే. అప్పట్నుంచి సెట్టింగ్ పేరులోనే యూనిట్ రాస్తున్నాం.
- యూజర్ నుంచి వచ్చిన ఒక్కో రిక్వెస్ట్ మొదట్లో ఫ్లాగ్ ఒక్కసారే చదివి చివరిదాకా అదే వాడండి, లేదంటే మధ్యలో ఫ్లాగ్ మారితే బిల్లు సగం పాత లెక్క సగం కొత్త లెక్క.
- ముందు 1 శాతం యూజర్లకే. శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు బాబూ.
- ఎవరు ఎప్పుడు మార్చారో లాగ్‌లో రికార్డ్ అవ్వాలి.
- ఆఫ్ చేసి కూడా ముందే చూడండి, డేటాబేస్‌లో కొత్త ఫార్మాట్ రాసేశాక పాత కోడ్ దాన్ని చదవలేకపోతే ఆ ఆఫ్ బటన్ ఉన్నా లేనట్టే.