పర్లాకిమిడి వైపు మనుషులకి 'నార్మల్ ఊపిరి' ఎంతో లెక్క కట్టడం ఎలా

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. చిన్న ఆపరేషన్‌కి ముందు ఊదే పరీక్ష, అదే స్పైరోమెట్రీ, చేయించుకుంటే 74 శాతం అని రిపోర్టు వచ్చింది. ఇల్లంతా టెన్షన్, ఊపిరితిత్తులు నాలుగో వంతు పాడయ్యాయని ఏడుపులు. నాకు చూపిస్తే రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న రిఫరెన్స్ పేరు, అంటే ఏ ఆరోగ్యవంతుల కొలతలతో పోల్చారో ఆ లెక్క పేరు, చూశాను. మెషీన్ కొన్నప్పుడు ఎలా వచ్చిందో అలాగే, యూరప్ తెల్లవాళ్ల లెక్క మీదే వదిలేశారు. ఆ 74 ఎవరితో పోలిస్తే 74 అని ఎవరూ అడగలేదు! సెట్టింగ్ మార్చి మళ్లీ చూస్తే ఆమె ఊపిరి మామూలు హద్దులోనే ఉంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఒడిశాలోని మన గజపతి, గంజాం, రాయగడ జిల్లాల వైపు పని చేసే డాక్టర్లు, పీజీ పిల్లలు, టెక్నీషియన్లు 'మన దగ్గర నార్మల్ ఎంత' అని లెక్క కట్టాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ బోల్తా పడతారు అన్నది చెప్తాను.

మనిషి గుండెనిండా పీల్చి బలంగా ఊదితే మొత్తం వచ్చే గాలి ఎఫ్‌వీసీ, అందులో మొదటి సెకనులో వచ్చేది ఎఫ్‌ఈవీ1. ఈ రెండూ ఎత్తు, వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారతాయి. ఎత్తు సంగతి 1846లోనే హచిన్సన్ అనే ఇంగ్లీషు డాక్టరు రెండు వేల మందికి పైగా ఊదించి తేల్చాడు. చాలా చోట్ల వాడేది జీఎల్ఐ (గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనీషియేటివ్ అనే అంతర్జాతీయ బృందం) 2012 లెక్క. 74,187 మంది పొగతాగని ఆరోగ్యవంతుల కొలతలతో, 3 ఏళ్ల నుంచి 95 ఏళ్ల వరకూ పనికొచ్చేలా కట్టారు. కానీ అందులో భారతీయులకంటూ విడిగా గుంపు లేదు, మనం 'ఇతరులు' కింద పడతాం. తర్వాత 2022లో జాతుల విభజనే లేకుండా అందరికీ ఒకే లెక్కగా జీఎల్ఐ గ్లోబల్ వచ్చింది. మన దేశంలో చెన్నై, ముంబై, ఢిల్లీ లాంటి చోట్ల విడిగా కట్టిన లెక్కలూ ఉన్నాయి. వాటిలో ఏది మన మహేంద్రగిరి కొండ కింద ఉండేవాళ్లకి సరిపోతుందో కొలిచి చూస్తే గానీ తెలీదు.

కాబట్టి మొదటి రోజే కొత్త ఈక్వేషన్, అంటే ఎత్తు, వయసు ఇస్తే నార్మల్ ఎంతో చెప్పే సూత్రం, కడతానని కూర్చోవద్దు. ముందు ఉన్నవాటిని పరీక్షించండి. దానికి కనీసం 150 మంది మగవాళ్లు, 150 మంది ఆడవాళ్లు కావాలి, అందరూ ఆరోగ్యవంతులే అయ్యుండాలి. అంతకంటే తక్కువైతే కనిపించే తేడా నిజమైనదో, ఆ గుంపులో ఎవరు పడ్డారన్న అదృష్టమో చెప్పలేం. ఒక్కొక్కరి జడ్ స్కోరు తీయండి, అంటే ఆ మనిషి ఊపిరి అదే ఎత్తు, వయసు ఉన్న ఆరోగ్యవంతుల సగటుకి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. లెక్క సరిపోతే సగటు సున్నా దగ్గర, స్టాండర్డ్ డీవియేషన్ (సగటుకి అటూ ఇటూ ఎంత చెదిరారన్న కొలత) 1 దగ్గర ఉంటుంది. సగటు అర పాయింటు దాకా జరిగిపోయిందంటే అప్పుడు ఆలోచించాలి, అదీ ముందు మీ మెషీన్‌ని, మీ కొలతల్ని అనుమానించిన తర్వాతే.

అసలు పని మనుషుల్ని ఎంచుకోవడంలోనే ఉంది. 'ఉచిత ఊపిరితిత్తుల పరీక్ష' అని బోర్డు పెట్టి క్యాంపు వేస్తే వచ్చేది దగ్గున్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు. ఏ జబ్బూ లేనివాడు పొలానికి పోతాడు. ఆస్పత్రికి తోడుగా వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ఊదించడమూ అంతే, సులువుగా ఉంటుంది కానీ ఊరంతటికీ ప్రతినిధులు కారు. ఓటరు లిస్టు తీసుకుని లాటరీ వేసి ఇళ్లు ఎంచుకోండి, ఆశా కార్యకర్తని తోడు తీసుకుని సాయంత్రం పూట వెళ్లండి. అంతకన్నా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, సమ్మతి పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి, సవర గిరిజనుల ఊళ్లకి వెళ్తే వాళ్ల భాష మాట్లాడేవాళ్లు పక్కన ఉండాలి.

ఇక పొగ సంగతి. 'సిగరెట్ తాగుతావా అమ్మా' అని అడిగితే ఏ అమ్మయినా లేదంటుంది, అది అబద్ధం కూడా కాదు. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా ఈ తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు పెద్దవయసు ఆడవాళ్లలో ఉంది. కాబట్టి చుట్ట, బీడీ, అడ్డపొగ అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి, ఎప్పుడు మానేశారో కూడా అడగండి. అత్తగారి ముందు కోడలిని, కోడలి ముందు అత్తగారిని అడిగితే నిజం రాదు, విడిగా మాట్లాడించాలి.

పని గురించి కూడా ఇంతే ఓపికగా అడగాలి. గంజాం కుర్రాళ్లు ఎంతోమంది సూరత్ మరమగ్గాల్లో ఏళ్లకేళ్లు పనిచేసి వస్తారు. దసరాకి ఇంటికొచ్చిన కుర్రాడు చూడ్డానికి పుష్టిగానే ఉంటాడు, పొగ కూడా తాగడు, కానీ ఆ దుమ్ము పీల్చిన ఏళ్లని లెక్కలోకి తీసుకోకపోతే మోసపోతాం. మన దగ్గర జీడిపప్పు బట్టీలు, రైసు మిల్లులు, రాతి క్రషర్లు, పర్లాకిమిడిలో పశువుల కొమ్ములు అరగదీసి బొమ్మలు చేసేవాళ్లు, వీళ్లందరినీ నార్మల్ గుంపులో కలపకూడదు. టీబీ వచ్చి తగ్గినవాళ్లు, ఆస్తమా, పిల్లికూతలు, గుండెజబ్బు, గూని ఉన్నవాళ్లు కూడా వద్దు. జలుబు చేసినవాళ్లని నెల తర్వాత మళ్లీ రమ్మనండి.

కట్టెల పొయ్యి దగ్గరే నాకు చాలా కాలం తేలలేదు. ఆ పొగ పీల్చిన ఆడవాళ్లందరినీ తీసేస్తే కొన్ని ఊళ్లలో నలభై దాటినవాళ్లు ఒక్కరూ మిగలరు. కలిపేస్తే పొగ చేసిన నష్టాన్ని మనమే నార్మల్ అని ముద్ర వేసినట్టు. అందుకని అందరినీ కొలవండి, ఎన్నేళ్లు, రోజుకి ఎన్ని గంటలు, వంటిల్లు లోపలా బయటా, గ్యాస్ ఎప్పుడొచ్చింది అన్నీ రాసుకోండి, కానీ ఈక్వేషన్ మాత్రం పొగ తక్కువగా సోకినవాళ్లతోనే కట్టండి. మిగతావాళ్లు ఆ గీతకి ఎంత కింద ఉన్నారో విడిగా చూపించండి. చిన్నప్పుడు తిండి సరిగ్గా లేకపోవడమూ ఊపిరితిత్తుల ఎదుగుదలని తగ్గిస్తుంది. 'మా వాళ్లకి సహజంగానే తక్కువ' అని తొందరపడి రాసేస్తే నిజంగా వైద్యం కావాల్సినవాళ్లు ఆ మాట వెనక దాగిపోతారు. తెలుగు, ఒడియా, సవర అన్నవి మాట్లాడే భాషలు, వాటిని బట్టి ఊపిరితిత్తుల్ని విడదీయకండి.

ఎత్తు మీరే కొలవాలి, నోటి మాట రాసుకోవద్దు. చెప్పులు లేకుండా, మడమలు గోడకి ఆనించి, మిల్లీమీటరు దాకా. కొప్పు విప్పించండి, కొప్పు మీద పలక ఆనితే రెండు మూడు సెంటీమీటర్లు ఉత్తినే పెరిగిపోతాయి. కూర్చున్న ఎత్తు కూడా తీసుకుంటే తర్వాత పనికొస్తుంది. పెద్దవాళ్ల వయసు ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే నమ్మకండి. ఎమర్జెన్సీ నాటికి, ఇందిరాగాంధీ పోయిన 1984 నాటికి ఎంత పిల్లవో, పెళ్లయిందో లేదో అడిగి సరిచూసుకోండి.

మెషీన్‌ని రోజూ పొద్దున్నే 3 లీటర్ల సిరంజితో సరిచూడాలి, 3 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ రోజు పరీక్ష వద్దు. ఎండలో ఆటోలో మోసుకొచ్చిన మెషీన్‌తో వెంటనే మొదలుపెట్టకుండా గది వేడికి అలవాటు పడనివ్వండి, గదిలో థర్మామీటరు ఉంచండి. కోతలు, నూర్పిళ్లు అయిపోయి సంక్రాంతి వెళ్లాక చేస్తే దుమ్మూ తక్కువ, మనుషులూ దొరుకుతారు.

ఊదించడం ఒక కళ. ముక్కుకి క్లిప్పు పెట్టి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. మన ఆడవాళ్లకి ఊదుగొట్టం తెలుసు కాబట్టి గొట్టం చూడగానే బుగ్గలు పూరించి మెల్లగా ఊదుతారు. 'పొయ్యి ఊదినట్టు కాదమ్మా, నిండా పీల్చి ఒక్కసారి పేల్చినట్టు ఊదాలి' అని మీరే ఊది చూపించండి. ఆ తర్వాత 'ఊదు ఊదు ఊదు, ఇంకా, ఇంకా' అని గొంతెత్తి అరవాలి, సిగ్గుపడితే పని జరగదు. మూడు మంచి ఊదులు కావాలి, వాటిలో పెద్దవి రెండూ 150 మిల్లీలీటర్ల లోపు తేడాతో ఉండాలి. ఎనిమిది సార్లకీ రాకపోతే ఆపేయండి, మనిషి అలిసిపోతాడు. ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్లతో, కంటి ఆపరేషన్ అయినవాళ్లతో అసలు ఊదించకూడదు.

లెక్కకి ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, అందులో ఇలాంటి వంపు గీతలు కట్టే గామ్లెస్ ప్యాకేజీ ఉంది. వయసుతో ఊపిరి సరళరేఖలో తగ్గదు, పాతికేళ్ల దాకా పెరిగి నిలిచి అక్కణ్నుంచి దిగుతుంది, మనుషుల మధ్య తేడా కూడా వయసుతో మారుతుంది, అందుకే పాత పద్ధతిలో ఒక గీత గీసేస్తే సరిపోదు. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరుగా కట్టండి. 80 శాతం కంటే తక్కువైతే జబ్బు అనే లెక్క వదిలేసి కింది హద్దు జడ్ స్కోరు మైనస్ 1.645 దగ్గర పెట్టండి. దానర్థం ఆరోగ్యంగా ఉన్న వందమందిలోనూ ఐదుగురు ఆ హద్దు కింద ఉంటారు, ఈ మాట డాక్టర్లకి విడమరిచి చెప్పాలి. మీరు కొలిచింది 18 నుంచి 70 ఏళ్ల వాళ్లనైతే 80 ఏళ్ల తాతకి ఆ ఈక్వేషన్ వాడొద్దని రిపోర్టు మీదే అచ్చు వేయించండి.

ఊదినవాళ్లందరికీ తెలుగులోనో ఒడియాలోనో ఒక కాగితం ఇవ్వండి, ఎవరి లెక్కతో పోల్చారో దాని మీద పెద్ద అక్షరాల్లో రాసి. తక్కువ వచ్చినవాళ్ల ఇంటికి మీరే ఇంకోసారి వెళ్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే ఏర్పాటు చూడండి.