నలుగురికి ఆరు రెడ్లు: మా టేబుల్ లెక్క

అనంతపురంలో కమలానగర్ వైపు ఒక సందులో ఉండే స్నూకర్ పార్లర్‌లో నేను మార్కర్ని. మార్కర్ అంటే బంతులు పేర్చాలి, పాయింట్లు రాయాలి, టీ తెప్పించాలి, తగువు తీర్చాలి. మాకుండేది రెండే టేబుళ్లు. సాయంత్రం ఆరయితే ఇంజనీరింగ్ పిల్లోళ్లు గోడకానుకుని వరసగా నిలబడతారు. పదిహేను రెడ్ల (ఎర్ర బంతుల) ఫ్రేము, అంటే ఒక ఆట, కొత్తోళ్ల చేతిలో పడితే గంటకు కూడా తేలదు. అందుకే ఆ వేళప్పుడు మా దగ్గర నలుగురు కలిసి, ఎవరికి వారుగా, ఆరు రెడ్లతో ఆడతారు. ‘ఈ రోజు ఆరు రెడ్లు’ అని బోర్డు మీద రాస్తే, ఎవడో కింద ‘ఏ ఊరోళ్లన్నా?’ అని చాక్‌తో రాసిపోయినాడు.

ఆరు రెడ్ల ఆట మేం కనిపెట్టింది కాదు. దానికి ప్రపంచ పోటీలే ఉన్నాయి. మన దేశం ఆటగాడు పంకజ్ అద్వానీ 2014లో, 2015లో వరసగా ఆ టైటిల్ కొట్టినాడు. కానీ అది ఇద్దరి ఆట. నలుగురికి సరిపోయేలా మార్చుకున్న రూల్సు మాత్రం మావే. ‘రూల్సు మార్చడానికి మీరెవరు?’ అని ఒకాయన గట్టిగా అడిగినాడు. స్నూకరే 1875లో జబల్‌పూర్‌లో సైనికాధికారులు పాత ఆటకు రంగు బంతులు కలిపి చేసుకున్న మార్పు, సార్. రూల్సు రాసి ఊటీ క్లబ్బులో పెట్టింది 1882లో.

ముందు బంతులు పేర్చడం. కర్రతో కొట్టే వైట్ బంతిని పెట్టే డీ (టేబుల్ మీద గీసిన అర్ధచంద్రం) దగ్గర నిలబడితే ఎడమ నుంచి కుడికి గ్రీన్, బ్రౌన్, ఎల్లో. పిల్లోళ్లకు నేను శనక్కాయ చేను గుర్తుపెట్టుకోమంటా: ఆకు, మన్ను, పువ్వు. మధ్యలో బ్లూ, దానికవతల పింక్, పింక్ వెనక దానికి తగలకుండా రెడ్ల మొన, చివర బ్లాక్. పదిహేను రెడ్ల ట్రయాంగిల్లో ఆరు వదులుగా ఉంటాయి. మొనలోకి తోసి, వెనక వరసను మూడు వేళ్లతో అదిమిపెట్టి, అప్పుడు ఎత్తాలి.

ఆడటం మామూలే. రెడ్ పాకెట్లో పడితే 1, ఆ తర్వాత ఒక కలర్: ఎల్లో 2, గ్రీన్ 3, బ్రౌన్ 4, బ్లూ 5, పింక్ 6, బ్లాక్ 7. రెడ్లున్నంతసేపు పడిన కలర్ మళ్లీ టేబుల్ మీదికొస్తుంది. రెడ్లయిపోయినాక ఎల్లో నుంచి బ్లాక్ దాకా వరసగా. ఒక్కడే ఏ ఫౌలూ లేకుండా ప్రతి రెడ్ తర్వాతా బ్లాక్ వేసి, చివర కలర్లన్నీ కొడితే 75. ఇన్నేళ్లలో నేను రాసిన పెద్ద బ్రేకు (ఒకే వంతులో ఆపకుండా కొట్టిన పాయింట్లు) 41.

చిక్కంతా ఫౌల్ దగ్గరే. అసలు ఆటలో ఫౌల్ పాయింట్లు ఎదుటివాడికి పోతాయి, తక్కువలో తక్కువ 4, పింక్ అయితే 6, బ్లాక్ అయితే 7. నలుగురిలో ఎవడికివ్వాలి? మొదట్లో తర్వాత ఆడేవాడికి ఇచ్చేవాళ్లం. ఒకరోజు ఒక పిల్లోడు ఒక్క బంతీ వేయకుండా, ముందువాడి ఫౌళ్లతోనే రెండో స్థానంలోకొచ్చి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ రాత్రే మార్చేసినా. ఇప్పుడు ఫౌల్ చేసినవాడి లెక్కలోంచి కోత. సున్నా కింద పోయినా సరే, మైనస్‌లో రాస్తా. ఫౌల్ అయినాక తర్వాతివాడు తానైనా ఆడొచ్చు, ‘నువ్వే ఆడప్పా’ అని తిప్పి పంపనూ వచ్చు. ఫ్రీ బాల్ (ఫౌల్ తర్వాత కొట్టాల్సిన బంతికి అడ్డముంటే వేరే బంతిని కొట్టే వీలు) మాత్రం పెట్టలేదు. కనబడుతోంది, కనబడలేదు అని వంగి వంగి చూసేలోపు టైమైపోతుంది.

రెండోది కుమ్మక్కు. అందరికంటే తక్కువ వచ్చినవాడే టేబుల్ డబ్బులు కట్టాల. అందుకని ఇద్దరు దోస్తులు పక్కపక్క నంబర్లలో పడితే, మొదటివాడు రెడ్‌ను పాకెట్ మూతి దగ్గర వదిలేసి తప్పుకుంటాడు, రెండోవాడు తింటాడు. ఇది పట్టుకోవడం కష్టం, చేతకాక వదిలినాడో కావాలని వదిలినాడో దేవుడికెరుక. అందుకే ప్రతి ఫ్రేముకూ చీటీలు వేసి వరస మారుస్తా. అప్పటికీ ఆపకపోతే ఆ ఇద్దర్నీ జోడీగా ఒకే లెక్కలో రాసి ముగ్గురాటగా ఆడిస్తా, టేబుల్ డబ్బులు ఇద్దరూ పంచుకుని కట్టాలి. ఒకసారి అన్నదమ్ములకు అలాగే రాసినా, ఇంటికిపోయేదాకా ఒకర్నొకరు తిట్టుకున్నారు.

కరెంటు పోతే క్యూ (ఆడే కర్ర) పైకెత్తి అందరూ గోడ దగ్గరికి పోవాలి, టేబుల్ మీద చెయ్యి పెట్టకూడదు. అప్పటికే కొట్టిన బంతి చీకట్లో పాకెట్లో పడితే పడినట్టే. సెల్ లైట్ వేసి నేను చూస్తా, ఇంకెవరూ కాదు.

చివర్లో కింద ఇద్దరికి సమానమొస్తే బ్లాక్‌ను దాని చుక్క మీద పెట్టి, రూపాయి ఎగరేసి, వాళ్లిద్దరే ఆడాలి. బ్లాక్ వేసినోడు బయటపడతాడు, ఫౌల్ చేసినోడు కడతాడు. మిగతా ఇద్దరు నోరు మూసుకోవాలి. ఇది రూల్ అయితే రాసినా గానీ, ఇంతవరకూ ఎవ్వరూ మూసుకోలేదు.