కారు చక్రం నట్లు ఎంత బిగించాలి?

పంచరు పడిన చక్రాన్ని మార్చాక పానా మీద కాలు పెట్టి, ఒంటి బరువంతా మోపి నట్లు బిగించడం మన రోడ్ల పక్కన తరచూ కనిపించే దృశ్యం. ఎంత బిగిస్తే అంత భద్రమన్న నమ్మకమే దీనికి కారణం. నిజానికి బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది. అది మళ్లీ మునుపటి పొడవుకు రావాలని లాగే లాగుడే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. పానా మీద పెట్టిన శ్రమలో సుమారు పదో వంతే ఈ సాగుదలకు అందుతుంది, మిగిలినదంతా మరల్లోనూ నట్టు ఆనే చోటా రాపిడికే పోతుంది. అందువల్ల తుప్పు పట్టిన మర చేతికి బిగిసినట్టే తోచినా పట్టు చాలకపోవచ్చు, నూనె పూసిన మర అదే టార్కుకు (తిప్పే బలానికి) హద్దు దాటి సాగిపోవచ్చు. కంపెనీ ప్రత్యేకంగా చెప్పితే తప్ప ఈ మరలకు నూనె గానీ గ్రీజు గానీ రాయకుండా, వైరు బ్రష్షుతో శుభ్రం చేసి వదిలేయాలి.

చిన్న కార్లలో చాలావాటికి ఈ టార్క్ 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకెను మీ కారు మాన్యువల్‌లోనే చూసుకోవాలి. అది కిలోగ్రామ్ మీటర్లలో ఉంటే 9.8తో గుణించాలి.

మొదట అన్ని నట్లనూ చేత్తోనే మర ఎక్కించాలి. చేతికి అడ్డు తగిలితే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. తరువాత ఒకదాని పక్కది కాక ఎదురెదురు నట్లను ఎంచుకుంటూ పానాతో ఓ మోస్తరుగా బిగించి, టైరు నేలను తాకేవరకు జాకీ దించి, అదే వరుసలో, కావలసిన అంకెకు అమర్చితే అంత టార్కు రాగానే టిక్కుమనే టార్క్ రెంచ్‌తో పూర్తి చేయాలి. రెంచ్‌ను పిడి మధ్యలో పట్టుకుని కుదుపు లేకుండా లాగాలి, టిక్కుమనగానే ఆపేయాలి. నమ్మకం కోసం మళ్లీ మళ్లీ టిక్కుమనిపిస్తే బిగువు పెరిగిపోతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక, ముఖ్యంగా అల్లాయ్ చక్రాలైతే, మరోసారి సరిచూడాలి. షాపులో గాలి గన్నుతో బిగించారంటే ఆ బిగువు ఎంతో ఎవరికీ తెలియదు కనుక, వదులు చేసి మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించమని అడగడానికి మొహమాటపడకండి.

టార్క్ రెంచ్ లేనప్పుడు కూడా లెక్క చేతిలోనే ఉంటుంది. నట్టు నుంచి సరిగ్గా అర మీటరు దూరంలో, పిడికి లంబంగా 20 కిలోల బలంతో లాగితే సుమారు 98 న్యూటన్ మీటర్లు అవుతుంది. ఆ 20 కిలోలు ఎంతో సామాన్లు తూచే కొక్కెం త్రాసుతో ఒకసారి లాగి చూసుకుంటే చేతికి అంచనా దొరుకుతుంది.

నంబరు ప్లేటు, మడ్‌గార్డు స్క్రూల వంటివాటికి చేతి అంచనా చాలు. పాత ఇంజన్ ఆయిల్ వదలడానికి విప్పే డ్రెయిన్ బోల్టు దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఉక్కు బోల్టుకు ఏమీ కాకపోయినా అల్యూమినియం కేసులోని మర పోతుంది, ఆ మరమ్మతు ఆయిల్ మార్పిడి కన్నా ఎంతో ఖరీదు. దాని వాషరు మార్చకుండా లీకును బిగువుతో ఆపాలని చూడటమే చాలాసార్లు ఈ నష్టానికి మూలం. ఇంజన్ పైభాగాన్ని పట్టి ఉంచే సిలిండర్ హెడ్ బోల్టులను ఎంత అనుభవం ఉన్నా అంచనాతో బిగించకూడదు. చాలా ఇంజన్లలో వాటిని కొంత టార్కు వరకు బిగించి, ఆపై చెప్పినన్ని డిగ్రీలు తిప్పాలి, విప్పిన బోల్టులను మళ్లీ వాడకూడదు. ఏ బోల్టైనా బిగుస్తూ బిగుస్తూ ఒక్కసారిగా తేలికైతే అది సాగిపోతున్నట్టో, మర తెగుతున్నట్టో లెక్క. వెంటనే ఆపి, విప్పి చూడాలి.

టార్క్ రెంచ్‌ను నట్లు విప్పడానికి వాడకూడదు. పని అయ్యాక స్కేలును కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసి తప్పుడు కొలత చూపుతుంది.