ముందు గాలి చూడండి: తెరచాప ఓడల నవలలు చదవడం ఎలా

మా అబ్బాయి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొని తెచ్చిన, నెపోలియన్ కాలపు ఇంగ్లీషు యుద్ధ ఓడల కథ ‘మాస్టర్ అండ్ కమాండర్’ నవలని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ నలభయ్యో పేజీ దగ్గరే మూసేశాను. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని. తెలియని మాట కనిపిస్తే నిఘంటువు తీయడం అలవాటు. ఆ పుస్తకంలో ప్రతి తాడుకీ ఒక పేరుంది. పేరు పేరుకీ నిఘంటువు తీస్తూ పోతే కథ కదలదు. నాలుగోసారి చివరిదాకా చదవగలిగానంటే భీమిలి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక తాత చెప్పిన మాట వల్లే. ఇంజన్లు రాకముందు తెరచాప పడవ మీద వేటకెళ్లిన మనిషాయన. నా ఇబ్బంది అంతా విని, “గాలెటుందో ముందది సూడమ్మా. తాళ్ల సంగతి తరవాత” అన్నాడు.

అప్పటినుంచి ఒక తెల్లకాగితం, పెన్సిల్ పక్కన పెట్టుకుని చదువుతున్నాను. మీరూ అలాగే చేయండి. ఓడలు ఎదురుపడే ఘట్టం రాగానే గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో వెతకండి. రచయిత తప్పకుండా చెప్పి ఉంటాడు. ఆ దిక్కుని కాగితం పైభాగం అనుకుని, అక్కడినుంచి కిందికి ఒక బాణం గీయండి. తర్వాత ఓడల్ని పెట్టండి. ఎవరు పైన, ఎవరు కింద? ఇది తేలిపోతే సగం యుద్ధం మీకు అర్థమైనట్టే.

ఎందుకంటే ఆ ఓడలు గాలికి ఎదురుగా పోలేవు. కొయ్యలకి అడ్డంగా కట్టిన తెరచాపలున్న ఓడ, గాలి వచ్చే దిక్కుకి సుమారు 67 డిగ్రీల కంటే దగ్గరగా ముక్కు తిప్పలేదు. అందుకే పైకి వెళ్లాలంటే కాసేపు ఎడమకి, కాసేపు కుడికి వంకరటింకరగా ఎక్కాలి. నేను లెక్క కట్టి చూశాను. గాలికి ఎదురుగా 10 మైళ్లు గెలవాలంటే ఓడ 26 మైళ్లు నడవాలి. గాలికి, కెరటాలకి పక్కకి కొట్టుకుపోయే దూరం ఇందులో కలపలేదు. కింద ఉన్నవాడు పైనున్నవాణ్ణి అందుకోవడం ఎంత కష్టమో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. పైనున్నవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగి వచ్చి కొట్టగలడు. ఇంగ్లీషు కెప్టెన్లు గాలి పైభాగం కోసం రాత్రంతా తంటాలు పడేది దీనికే. అలాగని కిందివాడికి ఏ లాభమూ లేదనుకోకండి. దెబ్బతిన్న ఓడ గాలివాటంగా తప్పుకోగలదు. గాలి బలంగా ఉన్నప్పుడు పైవాడి ఓడ శత్రువు వైపే ఒరుగుతుంది కాబట్టి, అడుగు వరస ఫిరంగుల కిటికీలు నీళ్లకి దగ్గరై, మూసేయాల్సి రావచ్చు కూడా.

ఇక ఓడ మలుపులు. అవి రెండే రకాలు. ముక్కుని గాలిలోంచి తిప్పడం ఒకటి, వెనక భాగాన్ని గాలికిచ్చి చుట్టూ తిరిగి రావడం రెండోది. మొదటిది తక్కువ చోటులో అయిపోతుంది గానీ తప్పిందంటే ఓడ గాలికి ఎదురుగా నిలబడిపోతుంది, తెరచాపలు కొట్టుకుంటూ ఉంటాయి. రెండోది భద్రం, కానీ ఎక్కిన దూరం కొంత పోతుంది. కెప్టెన్ ఏ మలుపు ఎంచుకున్నాడో చూస్తే చాలు, అతని ధైర్యమెంతో, నావికుల మీద నమ్మకమెంతో తెలుస్తుంది. నాకు ఈ నవలల్లో అన్నిటికన్నా ఇష్టమైన చోట్లు ఇవే.

ఓడలో కొట్టే గంటల లెక్క ఒక్కసారి నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది. అరగంటకో గంట చొప్పున పెంచుకుంటూ పోయి, నాలుగు గంటల కాపలా ముగిసేసరికి ఎనిమిది కొడతారు. ఉదయం కాపలా ఎనిమిదికి మొదలైతే, రెండు గంటలు కొట్టారంటే తొమ్మిదయిందన్నమాట. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న కాపలాని మాత్రం రెండు ముక్కలు చేశారు. అలా రోజుకి ఏడు కాపలాలవుతాయి. నావికులు రెండు జట్లుగా వంతులు వేసుకుంటారు. ఏడు బేసి సంఖ్య కాబట్టి ఒకే జట్టుకి రోజూ అర్ధరాత్రి కాపలా పడదు. ఎంత చక్కటి ఏర్పాటో!

దూరంగా ఒక తెరచాప కనబడగానే ఓడంతా ఎందుకు పులకరిస్తుందో తెలియాలంటే డబ్బు లెక్క చూడాలి. పట్టుకున్న ఓడ ధరని ఎనిమిది భాగాలు చేసేవారు. 1808 దాకా అందులో మూడు కెప్టెన్‌వి. ఆ మూడింటిలో ఒకటి అతని పై అడ్మిరల్‌కి పోయేది. రెండు భాగాలు మామూలు నావికులందరికీ కలిపి. 8,000 పౌండ్ల ఓడ అనుకోండి. కెప్టెన్ చేతికి 2,000. నావికులు రెండు వందల మంది ఉంటే మనిషికి 10 పౌండ్లు. 1797 నావికుల తిరుగుబాట్ల తర్వాత జీతం పెరిగాక కూడా చేయి తిరిగిన నావికుడికి నెలకి వచ్చేది సుమారు ఒకటిన్నర పౌండ్లే. పది పౌండ్లంటే ఆరేడు నెలల జీతం. అదంతా ఒక్క మధ్యాహ్నంలో.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతుంటారు. కొత్తవాళ్లయితే సి.ఎస్. ఫారెస్టర్ 1950లో రాసిన ‘మిస్టర్ మిడ్‌షిప్‌మన్ హార్న్‌బ్లోయర్’ తీసుకోండి. విడివిడి కథల్లాగా ఉంటుంది, ఒక్కో రాత్రికి ఒకటి అయిపోతుంది. ‘మాస్టర్ అండ్ కమాండర్’తో మొదలయ్యే ప్యాట్రిక్ ఓబ్రయన్ నవలలు ఇంకా లోతు. 1969 నుంచి 1999 దాకా ఇరవై పూర్తిచేశాడు. వరసలోనే చదవాలి, మధ్యలో దూరకండి. కెప్టెన్ జాక్ ఆబ్రీకి స్నేహితుడైన డాక్టర్ స్టీఫెన్ మాట్యురిన్‌కి ఓడల గురించి ఏమీ తెలియదు. మొదటి నవలలోనే అతన్ని కొయ్య ఎక్కించి అన్నీ చూపిస్తారు. అక్కడ తొందరపడకుండా అతని పక్కనే కూర్చుని వినండి. తేదీల కోసం మాత్రం పట్టుబట్టొద్దు. యుద్ధపు సంవత్సరాలు చాలక, ఒకే ఏడాదిని సాగదీయాల్సి వస్తుందని పదో నవల ముందుమాటలో రచయితే చెప్పుకున్నాడు.

నమ్మశక్యం కాని గెలుపు కనిపిస్తే పుస్తకం మూసి చరిత్ర తిరగేయండి. మొదటి నవలలో చిన్న ఓడ పెద్ద ఓడని పట్టేస్తుంది. అది అచ్చంగా 1801 మే 6న బ్రిటిష్ నౌకాదళ అధికారి థామస్ కాక్రేన్ చేసిన పని. 14 చిన్న ఫిరంగులు, 54 మందితో ఉన్న అతని ఓడ ‘స్పీడీ’, 32 ఫిరంగులు, 319 మంది ఉన్న స్పెయిన్ ఓడ ‘గామో’ని పట్టుకుంది. ‘గామో’ గుండ్లు నెత్తి మీదుగా పోయేంత దగ్గరికి వెళ్లి ఆనుకున్నాడతను.

ఆబ్రీని మొదటి నవలలో బందీ చేసే ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా కూడా నిజం మనిషే. మూడో నవలలో హిందూ మహాసముద్రంలో మళ్లీ ఎదురవుతాడు. ఆ లిన్వా 1804 సెప్టెంబరు 15న మన విశాఖపట్నం రేవు మీదికే వచ్చాడని తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు. 74 ఫిరంగుల ‘మారెంగో’, తోడు రెండు ఫ్రిగేట్లు, అంటే అంతకన్నా చిన్న, వేగంగా పోయే యుద్ధ ఓడలు. ఇక్కడ 50 ఫిరంగుల ఇంగ్లీషు ఓడ ‘సెంచూరియన్’ ఒక్కటే, దాని కాపలాలో రెండు వర్తక ఓడలు. కెప్టెన్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంటే యుద్ధం మొదలుపెట్టాడు. ‘సెంచూరియన్’ లోతు తక్కువ నీళ్లలోకి, ఒడ్డు ఫిరంగుల దగ్గరికి జరిగి నిలబడింది. చివరికి లిన్వా వెళ్లిపోయాడు. వర్తక ఓడల్లో ‘బార్నబీ’ ఒడ్డుకి కొట్టుకుని పగిలింది, ‘ప్రిన్సెస్ షార్లెట్’ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద కనిపించేవి ఆ నీళ్లే. కాగితం మీద ఈ యుద్ధాన్ని కూడా గీసి చూడండి.

ఈ నవలలన్నీ ఇంగ్లీషు కెప్టెన్ నిలబడే చోటి నుంచి చూసి రాసినవి. ఈ సముద్రంలో తిరిగిన వర్తక ఓడల తాళ్లు లాగినవాళ్లలో లాస్కర్లు అని పిలిచే మన దేశపు నావికులు ఎందరో ఉన్నారు. వాళ్లకి పేర్లుండవు, ఒక వాక్యంలో వచ్చి పోతారు. లాస్కర్ కనిపించిన ప్రతి చోటా నేను పేజీ అంచున పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంటున్నాను.