పది జట్ల ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో డ్రాఫ్ట్ ఎలా చేయాలి

ఫాంటసీ బేస్‌బాల్ అంటే నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని ఊహా జట్టు కట్టడం, వాళ్ల అసలు ఆటను బట్టి మన జట్టు నెగ్గుతుంది. మా డాలస్ ఆఫీసు లీగ్‌లో పది జట్లు, జట్టుకు 23 మంది. అంటే డ్రాఫ్ట్‌లో (సీజన్ ముందు ఆటగాళ్లను పంచుకునేటప్పుడు) పోయేది 230 మందే. అమెరికా అసలు బేస్‌బాల్ లీగైన మేజర్ లీగ్‌లో 30 జట్లు, ఒక్కోదాంట్లో 26 మంది, మొత్తం 780. మిగతా 550 మందీ వేవర్‌లో (ఎవరూ తీసుకోని ఆటగాళ్ల జాబితాలో) ఊరికే దొరుకుతారు. చిన్న లీగ్ ఆడేవాళ్లు ముందు ఈ లెక్క బుర్రకెక్కించుకోవాలి.

ఏటా 20 హోమ్ రన్లు కొట్టే నికరమైన ఆటగాడు జూన్‌లో కూడా దొరుకుతాడు. స్టార్ బ్యాటర్ ఆరోన్ జడ్జ్ దొరకడు. 2024లో 54 హోమ్ రన్లు కొట్టి 59 బేస్‌లు దొంగిలించిన (బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తిన) షోహెయ్ ఓటానీ అసలే దొరకడు. అందుకే ఇచ్చిన బడ్జెట్‌తో ఆటగాళ్లను కొనే వేలం పద్ధతైతే డబ్బు దాచుకోకండి. ముగ్గురు నలుగురు స్టార్ల మీద కుమ్మరించండి. చివర్లో ఒక్కో డాలరుకు వచ్చేవాళ్లు కూడా పనికొచ్చేవాళ్లే. (ఓటానీని బ్యాటర్‌గా, బంతి విసిరే పిచర్‌గా కలిపి లెక్కేస్తారో విడిగానో సెట్టింగ్స్‌లో తప్పకుండా చూసుకోండి.)

పిచర్లలో స్కూబల్, స్కీన్స్ లాంటి అగ్రశ్రేణి వాడు ఒక్కడుంటే చాలు. క్యాచర్‌ని ఆఖరి రౌండ్ దాకా ముట్టుకోవద్దు: కావలసింది పదిమంది, ఉన్నది 30 జట్ల క్యాచర్లు. క్లోజర్లూ (ఆట చివర్లో ఆధిక్యం కాపాడే పిచర్లు) అంతే, ఆలస్యంగానే.

బెంచ్ మీద సగటు బ్యాటర్‌ని కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆ చోటు ఒక్కసారిగా చెలరేగే అవకాశమున్న కుర్రాడికివ్వండి. ఏప్రిల్‌ నెలంతా చూసి, ఆడకపోతే వదిలేయండి. సీజన్ మధ్యలో వేరే జట్టుకు ఇద్దరు మంచివాళ్లనిచ్చి ఒక స్టార్‌ని అడగండి, ఖాళీ అయిన చోటు వేవర్ నింపుతుంది.